మా రోజుల్లో బడి ముచ్చట

“మై స్కూల్ ఈజ్ వెరీ బిగ్. ఇట్ హాజ్ ఏ లైబ్రరీ, ఏ లాబొరేటరీ అండ్ ఏ బ్యూటిఫుల్ గార్డెన్.”

ఆగస్టు 15కో, జనవరి 26కో మా చిల్పూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఏ బడికి పోయినా ఎవరో ఒక పిల్ల మైకు ముందు నిలబడి ఈ మాటలు అప్పజెప్తుంది. కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషులు చప్పట్లు కొడతారు. తల్లి మురిసిపోతూ ఫోన్‌లో వీడియో తీసుకుంటుంది. బడి చూస్తే నాలుగు గదులు, ఒక వరండా, ముంగట ఒక వేపచెట్టు. తోట లేదు, ప్రయోగశాల లేదు. లేని తోటను పొగిడిన పిల్ల, రోజూ కింద కూర్చుని అన్నం తినే వేపచెట్టు గురించి ఒక్క ముక్క చెప్పదు. చెప్పమని అడిగినవాళ్లు కూడా లేరు. నా కోపమంతా అక్కడే.

కోపం ఇంగ్లీషు మీద అనుకునేరు, కాదు. మా పిల్లలు ఇంగ్లీషు మాట్లాడాలి, గట్టిగా మాట్లాడాలి. జనగామ కలెక్టరాఫీసులోనైనా, హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోయినప్పుడైనా తల దించకుండా మాట్లాడాలి. నేను అడిగేది ఒక్కటే. తమ బడి గురించి, తమకు గడిచిన దినం గురించి, తాము చూసింది తమ మాటగా చెప్పడం ముందు నేర్పండి. ఏ వసతీ లేని మా కాలంలో మాకు ఆ చదువు దొరికింది. ఇన్ని పుస్తకాలు, ఇన్ని ఫోన్లు, ఇంతమంది టీచర్లు ఉన్న ఈ పిల్లలకు దొరకడం లేదు.

మా నాయన నిజాం కాలపు బడికి పోయినవాడు. ఉర్దూ మీడియం. పొద్దున పేరు పిలిస్తే ‘హాజిర్’ అనాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. అప్పుడు పై చదువైనా ఉర్దూలోనే. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరు చదువు కూడా ఆ భాషలోనే చెప్పేవాళ్లు. మా నాయన అంతదాకా పోలేదు, నాలుగైదు తరగతులకే ఆగిపోయిండు. కానీ పట్వారీ ముందు కూర్చుని, పహాణీ చదివించుకుని, ఎక్కడన్నా తేడా కనిపిస్తే అక్కడికక్కడే ఉర్దూలో నిలదీసేవాడు. ఎట్లా వచ్చింది ఆ ధైర్యం? భూమి తనది. మాట రాకపోతే పోయేది తన చెలక. అవసరం పడ్డ మాట నోట్లో నిలిచింది. 1948 తర్వాత మా తరానికి తెలుగు మీడియం వచ్చింది. మా మనుమలకు ఇంగ్లీషు మీడియం. ఒక్క ఇంట్లోనే మూడు బడి భాషలు. కొత్త భాష పిల్లవాడికి ఎట్లా ఎక్కుతుందో, ఎట్లా ఎక్కకుండా పోతుందో మా వైపు వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

నాకు ఏబీసీడీలు ఆరో తరగతిలో మొదలైనయి. 1960ల మాట. సద్ది గిన్నె చేతపట్టుకుని స్టేషన్ ఘనపూర్ దిక్కు నడిచిపోయేవాళ్లం. అప్పటికి చిల్పూర్ మండలం లేదు, జనగామ జిల్లా లేదు. ఆ రెండూ 2016 అక్టోబర్‌లో వచ్చినవి. మేము వరంగల్ జిల్లా పిల్లలం. మా ఇంగ్లీషు సారు కాజీపేట నుంచి ప్యాసింజర్ రైల్లో వచ్చేవాడు. రైల్వే కాలనీలో పెరిగిన మనిషి. గార్డులు, డ్రైవర్లు మాట్లాడుకుంటుంటే విని ఇంగ్లీషు పట్టుకున్నానని చెప్పేవాడు.

పుస్తకం అప్పటి పద్ధతి పుస్తకమే. ‘దిస్ ఈజ్ ఏ పెన్, దట్ ఈజ్ ఏ బుక్.’ కలం చేతిలో పట్టుకుని ‘వాట్ ఈజ్ దిస్?’ అని అడుగుడు, అది కలమని అందరికీ తెలిసి కూడా ‘దిస్ ఈజ్ ఏ పెన్’ అనుడు. సారు ఆ పాఠాన్ని సగం గంటలో ముగించేవాడు. తర్వాత పుస్తకం మూసి, చాక్‌పీస్ టేబుల్ మీద పెట్టి, వాకిట్లో నిలబడి ఒక్కొక్కరినే అడిగేవాడు. “వాట్ డిడ్ యూ సీ?” వచ్చే తోవలో ఏం చూసినవు? అంతే ప్రశ్న.

ఒకడు ‘ట్రెయిన్’ అన్నాడు. ఏ ట్రెయిన్? ‘గూడ్స్.’ ఎన్ని డబ్బాలు? వాడు లెక్కపెట్టలేదు. “టుమారో కౌంట్” అన్నాడు సారు. మరునాడు మేమంతా పట్టాల పక్కన నిలబడి డబ్బాలు లెక్కపెట్టినం, ఇంగ్లీషులోనే. నలభై దాటినంక కొందరికి మాట అందలేదు. ఆ అందని మాట కోసం బడి దాకా ఉరికినం. పుస్తకంలో అంకెల పాఠం ఇంకా చాలా దూరం ఉంది. మాకు అంకెలు పట్టాల మీదనే వచ్చినయి.

ఇంకొకడు ‘ఐ సా ఎలిఫెంట్’ అన్నాడు. పుస్తకంలో ఏనుగు బొమ్మ ఉంది, దాని పేరు వాడికి వచ్చు. సారు కొట్టలేదు. “ఘనపూర్ తోవలో ఏనుగు యాడిదిరా?” అని తెలుగులోనే అడిగాడు. వాడు చూసింది బర్రె. దాని పేరు రాదు కాబట్టి ఏనుగును చెప్పాడు. “బఫెలో” అని సారు మాట అందించాడు. “ఐ సా ఏ బఫెలో. చెప్పు. ఇప్పుడు అది ఏం చేస్తుందో చెప్పు.” మాట లేకపోతే ఎన్నిసార్లైనా ఇచ్చేవాడు. కానీ చూసింది మాత్రం మేమే చూసి ఉండాలి. తప్పు ఇంగ్లీషును ఓర్చుకునేవాడు, అబద్ధపు ఇంగ్లీషును ఓర్చేవాడు కాదు.

సెలవు చీటీ దగ్గర ఆయన పట్టు ఇంకా గట్టిది. ఆ చీటీ ఎట్లా ఉంటుందో చదువుకున్న ప్రతి తెలుగువాడికీ కంఠస్థమే. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్…’ అక్క పెళ్లైనా జ్వరమే, తాత చనిపోయినా జ్వరమే, నాట్లు పడినా జ్వరమే. ఎందుకంటే గైడులో ఉన్నది జ్వరమొక్కటే. మా సారు జ్వరం చీటీ తెస్తే చెయ్యి పట్టి చూసేవాడు. ఒళ్లు చల్లగా ఉంటే చీటీ తిరిగిచ్చి, “అసలు సంగతి రాయి” అనేవాడు. ఒకసారి మా ఎద్దు తప్పిపోయింది. నాయన ఒక దిక్కు, నేనొక దిక్కు వెతకాలి. నేను రాసింది నాకిప్పటికీ గుర్తే. ‘సర్, అవర్ ఆక్స్ ఈజ్ నాట్. ఐ యామ్ సెర్చింగ్. ప్లీజ్ లీవ్.’ ఆయన దాన్ని దిద్ది, ‘లాస్ట్’ అనే మాట రాసి, దాని కింద గీత గీసి చూపి, సెలవిచ్చాడు. ఎద్దు దొరికి నేను బడికి వచ్చిన పొద్దు క్లాసంతా నన్ను ఇంగ్లీషులో అడిగింది. ఎక్కడ దొరికింది, ఎవరు చూశారు, ఏం తిన్నది. అడిగినవాళ్లకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. చెప్పేవాడికి నిజంగా చెప్పాలని ఉంది. సంభాషణ అంటే ఇంతకన్నా వేరే ఏముంది?

మా రోజులన్నీ బంగారమని నేననను. నాతో ఒకటో తరగతిలో పలక పట్టినవాళ్లలో సగం మంది జీతాలకు కుదిరిపోయారు. ఆడపిల్లలు హైస్కూలు గడప తొక్కింది తక్కువ. ఒక్క ఇంగ్లీషు పేపర్ తప్పి చదువు మానేసినవాళ్లు ఊరూరికీ ఉన్నారు. పరీక్షల ముందు చిల్పూరు గుట్ట ఎక్కి బుగులు వేంకటేశ్వరస్వామికి మొక్కుకున్నవాళ్లలో ఇంగ్లీషు కోసం మొక్కినవాళ్లే ఎక్కువ. కుబేరుడి అప్పు తీర్చే తోవ కానక దిగులుతో వచ్చి స్వామి ఈ గుట్ట మీద నిలిచాడని మా పెద్దలు చెప్పే కథ. అన్ని సార్లూ అట్లాంటి సారే దొరకడు, అదీ నిజమే. కానీ దొరికిన చోట పని జరిగింది. ఆ పనికి డబ్బు ఖర్చు లేదు, యంత్రం లేదు.

బట్టీ ఇంగ్లీషును సంభాషణగా చూపించి మెప్పు పొందడం ఈనాటిది కాదని కన్యాశుల్కం చూసినవాళ్లకు గుర్తుంటుంది. 1892లో మొదట ఆడిన ఆ నాటకంలో, కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని తల్లి ముచ్చటపడుతుంది. గిరీశం, వెంకటేశం ఎదురెదురుగా నిలబడి చిన్నపిల్లల పద్యం ముక్క ఒకటి, రేఖాగణితం సిద్ధాంతం ముక్క ఒకటి ఒకరికొకరు జవాబులన్నట్టు విసురుకుంటారు. ఆ తల్లికి ఆనందం. గురజాడ అప్పారావు నూట ముప్పై ఏళ్ల కింద పట్టి చూపించిన జబ్బు అది. ఇప్పుడు పద్యం ముక్క పోయి ‘మై స్కూల్’ వచ్చింది. తల్లి ఆశ మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే, ఆ ఆశను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. దాన్ని వాడుకునేవాళ్లనే అడగాలి.

ఇప్పటి సంగతికి వస్తా. 2008లో సక్సెస్ స్కూళ్ల పేరుతో సర్కారు హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం పెట్టారు. 2022–23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం చేశారు. పుస్తకాలు రెండు భాషల్లో అచ్చేశారు. ఒక పక్క తెలుగు, దాని ఎదురు పక్క ఇంగ్లీషు. ఆ పుస్తకం నేను చేతిలోకి తీసుకుని చూసిన, మంచి పని. ఇంట్లో తల్లి తెలుగు పక్క చదివి చెప్పగలదు. పేదవాడి పిల్లకు ఫీజు లేకుండా ఇంగ్లీషు మీడియం రావడం కూడా మంచి పనే, అందులో నాకు రెండో మాట లేదు. అంతకుముందు ఆ మీడియం కావాలంటే మా వైపు వాళ్లు కాజీపేటలో 1955లో పెట్టిన సెయింట్ గాబ్రియేల్ లాంటి బడుల దిక్కు చూసి ఆగిపోయేవాళ్లు.

మరి మీడియం మారినంక నోరు తెరుచుకుందా? పొద్దున గదిలోకి టీచర్ అడుగు పెట్టగానే గుంపుగా రాగం తీస్తారు. ‘గూ… డ్ మార్నింగ్ టీచర్.’ ‘హౌ ఆర్ యూ?’ అంటే అదే రాగంలో ‘ఐ యామ్ ఫైన్, థ్యాంక్యూ టీచర్.’ మా మనుమరాలికి ఒక పొద్దు పన్ను నొప్పి. చెంప వాచి ఉంది, రాత్రంతా ఏడ్చింది. సాయంత్రం వచ్చినంక అడిగిన, “టీచరమ్మకు చెప్పినవా బిడ్డా?” “చెప్పలే తాతా.” “హౌ ఆర్ యూ అని అడగలేదా?” “అడిగింది. ఐ యామ్ ఫైన్ అన్న.” “నొప్పి అని ఎందుకు చెప్పలే?” “దానికి జవాబు ఐ యామ్ ఫైన్ కదా తాతా!” ఏడేండ్ల పిల్ల. ప్రశ్నకు జవాబు ముందే ఖాయమై ఉంటుందని, తన పన్నుకూ ఆ ప్రశ్నకూ సంబంధం లేదని బడిలో నేర్చుకుంది. వాచిన చెంప మీద చెయ్యి పెట్టుకుని ఫైన్ అని చెప్పిన పిల్లను చూస్తే నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ప్రైవేటు బళ్లవి ఇంకో తీరు. పసుపు బస్సులు పొద్దున్నే ఊళ్లోకి వచ్చి పిల్లల్ని ఏరుకుపోతాయి. టై, బూట్లు, ఐడీ కార్డు. కొన్ని చోట్ల తెలుగు మాట్లాడితే ఫైను. ఫైను వేస్తే పిల్లలు ఇంగ్లీషు మాట్లాడతారని ఎవరు చెప్పారో నాకు తెలియదు. మా పక్కింటి పిల్లగాడు ఇంటర్‌బెల్‌లో అసలు నోరే విప్పడు. తెలుగు అంటే పైసలు పోతాయి, ఇంగ్లీషు రాదు. మూత్రానికి పోవాలన్నా వేలు చూపిస్తాడు. మాట్లాడే వయసులో పిల్లల నోళ్లు మూయించి, ఆ మౌనానికి ఇంగ్లీషు వాతావరణం అని పేరు పెట్టడం ఘోరం.

ఇంట్లో ఫోన్ ఉంది. అందులో పిల్లల ఇంగ్లీషు సంభాషణలు వేలకొద్దీ. బొమ్మ పిల్లలు లాకర్ తెరుస్తారు, కేఫెటీరియాలో ట్రే పట్టుకుని వరుసలో నిలబడతారు, ఏ దేశపు బడో తెలియదు. మా మనుమడు ఆ మాటలన్నీ అచ్చం ఆ గొంతుతోనే పలుకుతాడు. పలుకు బాగుంది, కాదనను. కానీ వాడికి రోజూ అన్నం పెట్టే వంటమ్మ గురించి, గంట కొట్టే పనిని దక్కించుకోవడానికి పిల్లలు పడే పోట్లాట గురించి, లాంగ్ బెల్ కాగానే గేటు దగ్గర తొక్కులాట గురించి ఇంగ్లీషులో ఒక మాట రాదు. ఆ వీడియో చేసినవాళ్లకు మా వంటమ్మ తెలియదు, తప్పు వాళ్లది కాదు. 2020లో కరోనాకు బళ్లు మూసి, సెప్టెంబర్ నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు చెప్పినప్పుడు నేను కూడా పిల్లల పక్కన కూర్చుని చూసిన. టీవీ చెప్తుంది, పిల్ల వింటుంది. పిల్ల చెప్తే టీవీ వినదు. అప్పుడు గతిలేక అట్లా నడిచింది. ఇప్పుడు ఎదురుగా నిండు ప్రాణంతో టీచర్ ఉండి కూడా అదే తీరైతే ఎట్లా?

మొన్న చలికాలంలో ఒక సాయంత్రం మనుమడిని పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులోనే అడిగిన. ఇయ్యాల బడిలో ఏమైందిరా? ఇక ఆగలేదు వాడు. గుట్ట దిక్కు నుంచి కోతుల మంద వచ్చిందట, అన్నాల వరుసలో దూరిందట, ఒక పిల్లగాని పళ్లెంలో నుంచి కోడిగుడ్డు ఎత్తుకుని వేపచెట్టు ఎక్కిందట, సారు కట్టె పట్టుకుని ఉరికితే చెప్పు తెగిందట, గుడ్డు పోయినోనికి వంటమ్మ తన వంతు గుడ్డు ఇచ్చిందట. చెప్తూ చెప్తూ లేచి నిలబడ్డాడు, కోతి లెక్క ఎగిరాడు. అంతా విని, “ఇదే నాకు ఇంగ్లీషులో చెప్పు” అన్న. “నాకు రాదు” అన్నాడు. “వచ్చినంత చెప్పు, రాని మాట నన్నడుగు.” కొంచెంసేపు చూసి మొదలుపెట్టాడు. “మంకీ కేమ్. మంకీ టేక్ ఎగ్. గో ట్రీ. సర్ రన్. సర్… చెప్పు తెగింది ఏమంటరు తాతా?” అందించిన. “హిస్ శాండల్ బ్రోక్. ఆయా గివ్ హర్ ఎగ్.” వ్యాకరణం పంతులు చూస్తే ఎర్ర గీతలు పెడతాడు. నేను మాత్రం ఆ పొద్దు మా సారును తలుచుకున్న. ఈ ఆరు ముక్కల్లో ఒక్కటి కూడా గైడులోది కాదు. ప్రతి ముక్కా వాడు కళ్లతో చూసింది. మరునాడు అదే కథ వాళ్లమ్మకు ఇంగ్లీషులో చెప్తుంటే ‘టేక్’ పోయి ‘టుక్’ వచ్చింది. నేను దిద్దలేదు, ఎక్కడో విని వాడే సర్దుకున్నాడు.

ఇది ముసలాయన ముచ్చట అని కొట్టిపారేసేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్.ప్రభు అనే బోధకుడు బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణాన్ని వరుసగా పాఠాలు చెప్పకుండా పిల్లల ముందు రైళ్ల టైంటేబుల్, తరగతి టైంటేబుల్, ఊరి పటం లాంటివి పెట్టి, ఆలోచిస్తే తప్ప జవాబు దొరకని ప్రశ్నలు ఇంగ్లీషులో అడిగేవారు. పిల్లల మనసు జవాబు మీద ఉన్నప్పుడు భాష దానంతట అది లోపల కుదురుకుంటుందన్నది ఆయన వాదన. 1987లో దాని మీద పుస్తకం కూడా వచ్చింది, ప్రపంచమంతా ఇంగ్లీషు పంతుళ్లు దాన్ని చదువుతారు. మా సారుకు ప్రభు ఎవరో తెలియదు. గూడ్స్ డబ్బాలు లెక్కపెట్టించిన మనిషి అదే పని చేశాడని నేను ధైర్యంగా అంటా. ఇక మన హైదరాబాద్‌లో ఇంగ్లీషు బోధన కోసమే 1958లో కేంద్ర సంస్థ పెట్టారు, ఇప్పుడు ఇఫ్లూ అంటున్నది అదే. తొలి రోజుల్లో దానికి డైరెక్టర్‌గా ఉన్న వి.కె.గోకాక్ కన్నడ కవి. ఇల్లు కన్నడంలో కట్టుకుని ఇంగ్లీషులో తిరిగిన మనిషి. మన వరంగల్ దిక్కు కాళోజీని చూడండి. మన యాసలోనే రాసి, మన యాస కోసమే కొట్లాడిన ఆయనే బ్రెయిల్స్‌ఫోర్డ్ ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేశారు. హనుమకొండలో చదువుకున్న పి.వి.నరసింహారావుకు ఎన్ని భాషలు వచ్చో లోకానికి తెలుసు. తమ మాట గట్టిగా ఉన్నవాళ్ల దగ్గరికే పరాయి మాట వచ్చి కూర్చుంది.

ఇన్నేండ్లుగా ఇంత తెలివి మన రాజధానిలోనే ఉంది. అది చిల్పూర్ దాకా, మల్కాపూర్ దాకా, పల్లగుట్ట దాకా ఎందుకు రాలేదు? పదో తరగతి పబ్లిక్ పరీక్షలో నోటిమాటకు పేపర్ లేదు. మార్కు లేనిదానికి పీరియడ్ ఉండదు. పీరియడ్ లేకపోతే ఏ టీచరైనా ఏం చేస్తుంది? కాబట్టి నేను మా ఊరి టీచరమ్మ దగ్గరికే పోయి కూర్చున్న. ఓపికగా విన్నది. “నలభై మంది ఉంటరు తాతా, ఒక్కొక్కరినే అడిగితే పాఠం ఎప్పుడు చెప్పాలె?” అన్నది. న్యాయమైన మాటే. జంటలుగా కూర్చోబెట్టమన్న. ఒకరు నిన్న ఇంట్లో ఏం చేశారో రెండోవాళ్లు అడగాలి. అడిగి తెలుసుకున్నది లేచి క్లాసుకు చెప్పాలి, తనది కాదు, పక్కవాళ్లది. అప్పుడు వినక తప్పదు. రాని మాట తెలుగులో చెప్తే తిట్టొద్దు, ఇంగ్లీషు మాట అందించాలి. ప్రార్థనలో పేపర్ వార్తలు చదివించే సమయంలో రెండు నిమిషాలు తీసి, నిన్న మన బడిలో జరిగిన ఒక్క సంగతి ఒక పిల్లతో చెప్పించాలి. గైడులోది చెప్తే కూర్చోబెట్టాలి. హౌ ఆర్ యూ అంటే గుంపు జవాబు బంద్. ఒక్కరిని అడగాలి, కళ్లలోకి చూసి అడగాలి, నొప్పి ఉంటే నొప్పి అనే మాట నేర్పాలి.

తల్లిదండ్రులకు కూడా చెప్తున్నా. మాకు ఇంగ్లీషు రాదు, మేమేం చేస్తమని అనకండి. తెలుగులో అడగండి. పిల్ల చెప్పేదంతా ఫోన్ పక్కన పెట్టి వినండి. విన్నంక, రేపు ఇదే మీ టీచర్‌కు ఇంగ్లీషులో చెప్పి రా అనండి. వచ్చినంక చెప్పినవా అని అడగండి. మీకు పడే పని ఇంతే.

టీచరమ్మ సోమవారం నుంచి ఐదో తరగతిలో మొదలుపెట్టి చూస్తానన్నది. సోమవారం నేను వచ్చి వరండాలో కూర్చుంటానని, పిల్లలు అడిగితే నా బడి సంగతులు కూడా చెప్తానని, అడగడం మాత్రం ఇంగ్లీషులో అడగాలని చెప్పి వచ్చిన.